రక్తం తక్కువైనప్పుడు వాడే మందులు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆసుపత్రి మందుల కౌంటరులో కూర్చునేవాళ్లు రోజూ వినే మాట ఒకటుంది: "రక్తం తక్కువగా ఉందన్నారు, రక్తం పట్టే మందు ఏదైనా మంచిది ఇవ్వండి." అన్నిటికీ పనిచేసే అలాంటి మందు లేదు. ఎర్రకణాలు తగ్గితే ఒక దారి, తెల్లకణాలు తగ్గితే ఇంకో దారి, ప్లేట్‌లెట్లు తగ్గితే మరో దారి. ఎర్రకణాల్లోనే మళ్లీ ముడిసరుకు లేక తగ్గాయా, తయారీ మందగించి తగ్గాయా, తయారైనవి పగిలిపోతున్నాయా, ఎక్కడైనా కారిపోతున్నాయా అన్నదాన్ని బట్టి మందు మారిపోతుంది. కింది ప్రశ్నలు కౌంటరు అవతలి నుంచి వచ్చేవే. ఇక్కడి అంకెలు మీ చేతిలోని చీటీని అర్థం చేసుకోవడానికే. మోతాదు మాత్రం మీ డాక్టరు రాసిందే.

హిమోగ్లోబిన్ ఎంత ఉంటే రక్తహీనత అంటారు?

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో, ప్రతి 100 మిల్లీలీటర్ల రక్తానికి, పెద్దవాళ్లయిన మగవాళ్లకు 13 గ్రాములు, ఆడవాళ్లకు 12, గర్భిణులకు 11. అంతకు తగ్గితే రక్తహీనత. గర్భిణికి 7 కంటే తగ్గితే తీవ్రమైనది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. అంటే వీధిలో ఇల్లు ఇల్లూ తిరిగితే, లేని ఇళ్లనే వెతుక్కోవాలి. అంత మామూలైపోవడం వల్లే "ఆడవాళ్లకు రక్తం తక్కువ ఉండటం సహజమేగా" అనే మాట పుట్టింది. సహజం కాదు.

సీబీసీ (రక్తకణాల లెక్క) రిపోర్టులో హిమోగ్లోబిన్ ఒక్కటి చూస్తే చాలదా?

చాలదు. దాని కిందే ఎంసీవీ అని ఒక అంకె ఉంటుంది, ఎర్రకణం సగటు పరిమాణం. అది 80 కంటే తగ్గితే ఐరన్ లోపం కావచ్చు, తలసీమియా అనే వంశపారంపర్య రక్తజబ్బుకు వాహకులు కావచ్చు. 100 దాటితే బి12 లేదా ఫోలిక్ యాసిడ్ లోపాన్ని ముందు అనుమానిస్తారు. ఈ ఒక్క అంకె చూడకుండా ఐరన్ మాత్రలు వాడుతూ ఏడాది గడిపేసినవాళ్లు ఉన్నారు. ఐరన్ నిల్వలు తెలియాలంటే ఫెరిటిన్ పరీక్ష చేయించాలి. అయితే ఒంట్లో జ్వరమో వాపో ఉంటే ఫెరిటిన్ లేనిపోని ఎత్తు చూపిస్తుంది.

ఐరన్ మాత్ర ఎప్పుడు వేసుకోవాలి? టీతో వేసుకోవచ్చా?

టీతో మాత్రం వద్దు. టీ, కాఫీ, పాలు, పెరుగు, కాల్షియం మాత్ర, గ్యాస్ కోసం వాడే యాంటాసిడ్, ఇవన్నీ ఐరన్‌ను పేగుల్లోనే పట్టి ఆపేస్తాయి. పొద్దున్నే టీ గ్లాసు పక్కన పెట్టుకుని మాత్ర మింగే అలవాటున్న ఇళ్లలో, ఆ మాత్రలో చాలా భాగం వచ్చిన దారినే బయటికి పోతుంది. ఖాళీ కడుపున, మంచినీళ్లతో లేదా నిమ్మరసంతో వేసుకుని, టీ ఒకటి రెండు గంటల తర్వాత తాగండి. ఖాళీ కడుపున వికారంగా ఉంటే కాస్త తిన్నాక వేసుకోండి. ఒంటికి పట్టడం కొంత తగ్గుతుంది గానీ, మానేయడం కంటే నయం.

గర్భిణులకు కాల్షియం, ఐరన్ రెండూ ఇస్తాం. రెండూ కలిపి ఒకేసారి మింగేస్తే ఒక పని అయిపోతుందనుకుంటారు. ఒకటి పొద్దున, ఒకటి రాత్రి. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు దానికీ ఐరన్‌కూ నాలుగు గంటల ఎడం ఉంచాలి, లేకపోతే థైరాయిడ్ మందు సరిగా పనిచేయదు. డాక్సీసైక్లిన్, సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్‌లకూ ఐరన్‌తో ఇదే పేచీ.

మాత్రల అట్ట వెనక చూస్తే ఫెర్రస్ సల్ఫేట్, ఫెర్రస్ ఫ్యూమరేట్, ఫెర్రస్ ఆస్కార్బేట్ లాంటి పేర్లుంటాయి. ముందున్న అంకె కాదు, "ఎలిమెంటల్ ఐరన్" అన్నచోట ఉన్న అంకె చూడాలి. ఎండబెట్టిన ఫెర్రస్ సల్ఫేట్ 200 మిల్లీగ్రాముల మాత్రలో అసలు ఐరన్ 60-65 మిల్లీగ్రాములే. ధర ఎక్కువైనంత మాత్రాన ఐరన్ మారదు. ఖరీదైన సిరప్ బలంగా పనిచేస్తుందన్నది సీసా మీది బొమ్మ పుట్టించిన నమ్మకం.

రోజుకు రెండు వేసుకుంటే త్వరగా పెరుగుతుందా?

ఇది చాలామందికి వింతగా అనిపిస్తుంది: ఎక్కువ వేసుకుంటే ఎక్కువ పట్టదు. ఐరన్ మోతాదు లోపలికి వెళ్లగానే కాలేయం హెప్సిడిన్ అనే హార్మోన్‌ను పెంచుతుంది. అది పేగుల దగ్గర గేటు మూసేస్తుంది, దాదాపు ఒక రోజు పాటు. సాయంత్రం వేసే రెండో మాత్ర మూసిన గేటు ముందు నిలబడి, కడుపులో మంట, మలబద్ధకం మిగిల్చి వెళ్లిపోతుంది. అందుకే రోజుకు ఒకటి, కొందరికి రోజు విడిచి రోజు ఒకటి రాసే డాక్టర్లు పెరిగారు. రోజు విడిచి రోజు అన్నప్పుడు "తగ్గించి రాశారు, మరిచిపోయారేమో" అని అనుమానపడకండి. గర్భిణుల విషయం వేరు, వాళ్లు చెప్పినట్టు రోజూ వేసుకోవాల్సిందే.

మలం నల్లగా వస్తోంది. మాత్ర ఆపేయాలా?

ఐరన్ వల్ల నలుపు, ముదురు ఆకుపచ్చ రంగు రావడం మామూలే. తారులా జిగటగా, విపరీతమైన దుర్వాసనతో వస్తే మాత్రం అది కడుపులో రక్తస్రావం కావచ్చు, ఆలస్యం చేయకూడదు. మలబద్ధకానికి నీళ్లు, పీచు ఉన్న తిండి పెంచి చూడండి. తగ్గకపోతే మాత్ర రకం మార్చమని అడగండి. అడక్కుండా మానేసి, తర్వాత నెల పరీక్షలో "మందు పనిచేయలేదు" అని రాయించుకునేవాళ్లే ఎక్కువ.

రెండు నెలలు వాడాను, హిమోగ్లోబిన్ కదల్లేదు. ఎందుకు?

సరిగా వాడి, కారణం నిజంగా ఐరన్ లోపమే అయితే, మూడు నాలుగు వారాల్లో ఒకటి రెండు గ్రాములు పెరగాలి. పెరగలేదంటే ఐదు సంగతులు వెతకాలి. మాత్ర నిజంగా వేసుకున్నారా, టీతో వేసుకున్నారా అన్నది మొదటిది. ఇంట్లో డబ్బా తెరిస్తే సగం అట్టలు అలాగే కనిపిస్తాయి. రెండోది, కారుతూ ఉందా: నెలసరిలో ఎక్కువ రక్తస్రావం, మొలలు, అల్సర్, చెప్పుల్లేకుండా పొలంలో తిరిగేవాళ్లలో కొంకిపురుగులు. యాభై దాటిన మగవాళ్లలో కారణం లేకుండా ఐరన్ లోపం కనిపిస్తే పేగుల పరీక్ష చేయించకుండా మాత్రలు ఇచ్చి పంపడం తప్పు. మూడోది, కడుపులో హెలికోబాక్టర్ అనే క్రిమి చేరడం లాంటి సమస్య వల్ల ఒంటికి పట్టకపోవడం. నాలుగోది బి12 లోపం కలిసి ఉండటం. ఐదోది అసలది ఐరన్ లోపమే కాకపోవడం. తలసీమియా వాహకులకు కణాలు చిన్నవిగా ఉంటాయి గానీ వాటి సంఖ్య తగ్గదు, హిమోగ్లోబిన్ ఎ2 పరీక్షలో తేలుతుంది. వాళ్లకు ఐరన్ లోపం కూడా ఉంటే తప్ప ఐరన్ ఇవ్వడంలో అర్థం లేదు.

అంకె మామూలు స్థాయికి వచ్చాక కూడా మూడు నెలలు మాత్ర కొనసాగించాలి. అప్పటిదాకా నిండింది జేబు మాత్రమే, గాదె ఇంకా ఖాళీగానే ఉంటుంది.

బడిలో నీలం మాత్ర ఇస్తున్నారు. ఇంట్లో అమ్మాయికి ఇచ్చే మాత్రతో కలిపి వేయవచ్చా?

2018లో మొదలైన అనీమియా ముక్త్ భారత్‌లో రంగులను బట్టి వయసు తెలుస్తుంది. 5-9 ఏళ్ల పిల్లలకు గులాబి రంగు, 45 మిల్లీగ్రాముల ఐరన్. 10-19 ఏళ్లవాళ్లకు నీలం, 60 మిల్లీగ్రాములు. గర్భిణులకు, బాలింతలకు ఎరుపు. అంతకంటే చిన్నపిల్లలకు సిరప్. నీలం మాత్ర వారానికి ఒక్కటే, లోపం రాకుండా ఇచ్చేది. లోపం తేలి చికిత్స మాత్రలు వాడుతున్న పిల్లలు ఆ సంగతి టీచరుకు చెప్పి, డాక్టరును అడగడం మంచిది. ఏడాదికి రెండుసార్లు ఇచ్చే ఆల్బెండజోల్ నులిపురుగుల మాత్రను మాత్రం తప్పించవద్దు. పురుగులు తాగేసే రక్తానికి ఎన్ని మాత్రలు పోస్తాం?

ఒక హెచ్చరిక: ఐరన్ మాత్రలు చాక్లెట్లలా మెరుస్తాయి. చిన్నపిల్లలు గుప్పెడు మింగితే ప్రాణాపాయం. పై అరలో పెట్టండి.

ఐరన్ సెలైన్ ఎక్కించుకుంటే మాత్రల బాధ ఉండదు కదా?

మాత్ర పడనివాళ్లకు, పేగుల జబ్బు ఉన్నవాళ్లకు, కిడ్నీ రోగులకు, కాన్పు దగ్గరపడి సమయం లేని గర్భిణులకు ఇది మంచి దారే. సరదాకు ఎక్కించుకునేది మాత్రం కాదు. ఎంత కావాలో పాత లెక్క ఒకటుంది: బరువును, తగ్గిన గ్రాములతో గుణించి, మళ్లీ 2.4తో గుణించి, నిల్వ కోసం 500 కలపాలి. 50 కిలోల మనిషి, హిమోగ్లోబిన్ 8, చేరాల్సింది 15 అనుకుందాం. 50 × 7 × 2.4 అంటే 840. దానికి 500 కలిపితే 1,340 మిల్లీగ్రాములు. ఐరన్ సుక్రోజ్ సాధారణంగా ఒక విడతకు 200 మిల్లీగ్రాములే, అంటే ఏడు విడతలు. ఫెర్రిక్ కార్బాక్సీమాల్టోజ్ ఒకేసారి 1,000 దాకా ఇవ్వవచ్చు, అందుకే రెండు విడతల్లో పనైపోతుంది, ధర మాత్రం ఎక్కువ. దాని వల్ల కొందరికి ఫాస్ఫేట్ పడిపోయి ఒళ్లు నొప్పులు, నీరసం రావచ్చు. గర్భం మొదటి మూడు నెలల్లో నరంలోకి ఐరన్ ఇవ్వరు.

ఎక్కించేటప్పుడు సూది పెట్టినచోట మంటగా అనిపిస్తే ఓర్చుకోకండి, వెంటనే చెప్పండి. మందు నరం బయటికి పోతే చర్మంపై గోధుమరంగు మచ్చ ఏళ్ల తరబడి నిలిచిపోతుంది. అలర్జీ అరుదు, అయినా ఎక్కించాక అరగంట అక్కడే కూర్చోవాలి. బస్సు టైమయిందని లేచి వెళ్లిపోవద్దు.

ఫోలిక్ యాసిడ్, బి12 రెండూ ఒకటేనా?

తోబుట్టువుల్లాంటివి, ఒకటి కాదు. బి12 లోపాన్ని ఫోలిక్ యాసిడ్ ఒక్కదానితో సరిచేయబోతే హిమోగ్లోబిన్ పెరుగుతుంది, నరాల దెబ్బ మాత్రం లోలోపల సాగుతూనే ఉంటుంది. కాళ్లలో తిమ్మిర్లు, నడక తూలడం మొదలయ్యాక మేలుకుంటే పోయిందంతా తిరిగి రాకపోవచ్చు. అందుకే బి12 చూడకుండా ఫోలిక్ యాసిడ్ ఒక్కటే పెద్ద మోతాదులో మొదలుపెట్టరు.

బి12 మొక్కల్లో ఉండదు. పాలు, గుడ్లు కూడా అంతగా తీసుకోని శాకాహారులు, షుగరుకు మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవాళ్లు, రోజూ పాంటోప్రజోల్ లాంటి గ్యాస్ మాత్ర లేనిదే గడవనివాళ్లు తప్పక పరీక్ష చేయించుకోవాలి. ఇంజెక్షన్ మామూలుగా 1,000 మైక్రోగ్రాములు, మొదట దగ్గర దగ్గరగా, తర్వాత ఎడంగా. పెద్ద మోతాదు మాత్రలు కూడా చాలామందికి పనిచేస్తాయి. ఎర్రటి ఆ ఇంజెక్షన్‌ను "బలానికి" అని నెలనెలా చేయించుకునేవాళ్లకు ఒక మాట: లోపం లేకపోతే అదనపు బి12 మూత్రంలో పోతుంది.

ఈ విషయం చెప్పేటప్పుడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గుర్తురాక మానరు. స్ప్రూ అనే పేగుల జబ్బుతో అన్నదమ్ములను పోగొట్టుకున్న మనిషి. అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందమే 1940లలో ఫోలిక్ యాసిడ్‌ను వేరుచేసి, కృత్రిమంగా తయారుచేసింది. స్ప్రూలో వచ్చే రక్తహీనతకు ఆ మందే జవాబయింది. ఇవాళ పావలా విలువ చేసే పసుపు మాత్ర వెనక అంత దుఃఖముంది.

కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు ఇచ్చే ఇంజెక్షన్ ఏమిటి?

ఎముక మజ్జకు "ఎర్రకణాలు తయారుచెయ్యి" అని కబురు పంపేది ఎరిత్రోపొయెటిన్ అనే హార్మోన్. అది ప్రధానంగా కిడ్నీల్లో తయారవుతుంది. కిడ్నీలు చెడితే కబురు ఆగిపోతుంది, ఐరన్ నిండుగా ఉన్నా తయారీ సాగదు. ఆ హార్మోన్‌నే బయట తయారుచేసి ఇంజెక్షన్‌గా ఇస్తారు. అమెరికాలో 1989లో అనుమతి వచ్చింది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, డయాలిసిస్ కేంద్రాలున్న ప్రతి ఊళ్లో, ఇంగ్లీషు రానివాళ్లు కూడా దాని పేరు తడబడకుండా పలుకుతారు.

దీనిలో ముఖ్యమైన సంగతి ఎక్కడ ఆపాలన్నది. హిమోగ్లోబిన్‌ను సుమారు 10 నుంచి 11.5 మధ్య ఉంచితే చాలు. మామూలు మనిషిలా 13, 14కు తీసుకుపోవాలని ప్రయత్నించిన పెద్ద పరిశోధనల్లో మేలు జరగకపోగా పక్షవాతం, రక్తం గడ్డకట్టడం వంటి ప్రమాదాలు బయటపడ్డాయి. "ఇంకా రెండు గ్రాములు పెంచండి" అని డాక్టరును బతిమాలవద్దు. బీపీ పెరుగుతుంది కాబట్టి ప్రతిసారీ చూసుకోవాలి. ఐరన్ నిల్వలు లేకపోతే ఇంజెక్షన్ ఎంత ఇచ్చినా వృథా, కబురు అందినా ముడిసరుకు ఉండదు.

ఇప్పుడు నోటి మాత్రలు కూడా వచ్చాయి. రోక్సాడుస్టాట్, మన దేశంలో 2022లో అనుమతి పొందిన డెసిడుస్టాట్ ఆ జాతివే. శరీరం ఎత్తయిన కొండల మీద ప్రాణవాయువు తక్కువచోట ఉన్నానని భ్రమపడేలా చేసి, సొంత హార్మోన్‌ను తయారుచేయిస్తాయి. శరీరం ప్రాణవాయువు మట్టాన్ని ఎలా పసిగడుతుందో కనిపెట్టిన ముగ్గురికి 2019లో నోబెల్ వచ్చింది.

కీమోథెరపీ తర్వాత పొట్టలో పొడిచే ఇంజెక్షన్ దేనికి?

అది ఫిల్‌గ్రాస్టిమ్. కీమో తర్వాత తెల్లకణాల్లో క్రిములతో పోరాడే న్యూట్రోఫిల్స్ పడిపోతాయి. వాటి సంఖ్య 500 కంటే తగ్గితే మామూలు క్రిమి కూడా ప్రాణం మీదికి తెస్తుంది. ఈ మందు మజ్జను తట్టి లేపుతుంది. కీమో అయిన కనీసం 24 గంటల తర్వాత మొదలుపెట్టి, సంఖ్య కోలుకునేదాకా రోజూ ఇస్తారు. పెగ్‌ఫిల్‌గ్రాస్టిమ్ అయితే కీమో విడతకు ఒక్కసారి చాలు. ఒకప్పుడు దిగుమతి మందు కొనలేక వదిలేసేవాళ్లు. హైదరాబాదులోని డాక్టర్ రెడ్డీస్ 2001లో తమ ఫిల్‌గ్రాస్టిమ్ తెచ్చాక, తర్వాత ఇంకా కంపెనీలు వచ్చాక, ఆ పరిస్థితి చాలా మారింది.

నడుము, తొడ ఎముకలు లాగినట్టు నొప్పి రావచ్చు, మజ్జ పని మొదలుపెట్టిందన్నమాట. పారాసిటమాల్ వేసుకోవచ్చు, కానీ ముందు థర్మామీటరు పెట్టుకోండి. ఎందుకంటే అది జ్వరాన్ని కప్పేస్తుంది. కీమోలో ఉన్న మనిషికి 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ జ్వరం వస్తే పొద్దున చూద్దాం అనుకోకూడదు. రాత్రి రెండయినా ఆసుపత్రికే.

డెంగీలో ప్లేట్‌లెట్లు పడిపోయాయి. పెంచే మందు లేదా? బొప్పాయి ఆకు రసం?

మామూలుగా 1.5 నుంచి 4.5 లక్షలుండే ప్లేట్‌లెట్లు డెంగీలో 30 వేలకు పడితే ఇల్లంతా వణికిపోతుంది. వాట్సాప్‌లో రిపోర్టు చుట్టాలందరికీ చేరుతుంది. నిజానికి డెంగీలో మనిషిని ముంచేది ఎక్కువగా ప్లేట్‌లెట్ల అంకె కాదు, రక్తనాళాల నుంచి నీరు కారిపోయి బీపీ పడిపోవడం. జ్వరం తగ్గాక వచ్చే ఒకటి రెండు రోజులే గండం. రక్తస్రావం లేకపోతే 10 వేల దాకా ప్లేట్‌లెట్లు ఎక్కించాల్సిన అవసరం సాధారణంగా రాదు. స్టెరాయిడ్లతో లాభం లేదు. బొప్పాయి ఆకుతో అంకె కాస్త త్వరగా పెరగవచ్చని కొన్ని చిన్న అధ్యయనాలు అన్నాయి గానీ ప్రాణం కాపాడుతుందని రుజువు కాలేదు. వాంతులతో ఉన్న మనిషికి ఆ చేదు రసం బలవంతంగా తాగించి, ఉన్న నీళ్లు కూడా కక్కించడం కళ్లారా చూశాను. ఓఆర్ఎస్ తాగించండి. నొప్పికి పారాసిటమాల్ తప్ప ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ ముట్టవద్దు.

జ్వరం లేకుండానే ప్లేట్‌లెట్లు తగ్గి, ఒంటిమీద ఎర్ర చుక్కలు వస్తే?

అది ఐటీపీ కావచ్చు, శరీరమే తన ప్లేట్‌లెట్లను నాశనం చేసుకునే జబ్బు. పెద్దవాళ్లలో మొదట స్టెరాయిడ్లు. వాటితో షుగరు పెరుగుతుంది, నిద్ర పట్టదు, తిన్నాకే వేసుకోవాలి, హఠాత్తుగా ఆపకూడదు. త్వరగా పెరగాలంటే నరంలోకి ఇమ్యునోగ్లోబులిన్. ఫలితం నిలవకపోతే రిటుక్సిమాబ్, లేదా మజ్జను పురికొల్పే రోమిప్లోస్టిమ్, ఎల్‌ట్రోంబొపాగ్. ఈ చివరి మాత్రకు పాలంటే పడదు: పాలు, పెరుగు, కాల్షియం, ఐరన్ తీసుకోవడానికి రెండు గంటల ముందు గానీ, నాలుగు గంటల తర్వాత గానీ వేసుకోవాలి. ఖరీదైన మాత్రను పెరుగన్నం తినగానే వేసుకుంటే డబ్బు పెరుగులో పోసినట్టే.

మూడు రకాల కణాలూ తగ్గితే?

అప్లాస్టిక్ అనీమియా, రక్త కేన్సర్లు, తీవ్ర బి12 లోపం, ఇంకా చాలా కారణాలున్నాయి. చాలాసార్లు మజ్జ పరీక్ష అవసరమవుతుంది. అప్లాస్టిక్ అనీమియాలో మజ్జ మార్పిడి కుదరనివాళ్లకు రోగనిరోధక శక్తిని అణిచే ఏటీజీ, సైక్లోస్పోరిన్, వాటితో ఎల్‌ట్రోంబొపాగ్ ఇస్తారు. ఫలితానికి మూడు నుంచి ఆరు నెలలు పట్టవచ్చు.

సికిల్ సెల్ ఉన్న అబ్బాయికి హైడ్రాక్సీయూరియా రాశారు. అది కేన్సర్ మందు కదా?

కేన్సర్‌లోనూ వాడతారు, నిజమే. సికిల్ సెల్‌లో అది పసిబిడ్డల్లో ఉండే హిమోగ్లోబిన్‌ను తిరిగి పెంచి, కణాలు కొడవలిలా వంగకుండా ఆపుతుంది. నొప్పుల దాడులు, ఆసుపత్రి పాలవడం బాగా తగ్గుతాయి. కణాలను తగ్గించే గుణం కూడా ఉంది కాబట్టి రక్తపరీక్షలు తప్పనిసరి. గర్భం దాల్చాలనుకునేవాళ్లు ముందే డాక్టరుతో మాట్లాడాలి. 2023 జులైలో మొదలైన జాతీయ సికిల్ సెల్ మిషన్ కింద గిరిజన ప్రాంతాల్లో పరీక్షలు చేస్తున్నారు.

తలసీమియా పిల్లల సమస్య తలకిందులు. వాళ్లకు ఎక్కించే ప్రతి రక్తం సంచితో 200 మిల్లీగ్రాములకు పైగా ఐరన్ ఒంట్లో చేరుతుంది, బయటికి పోయే దారి లేదు. డెఫెరాసిరాక్స్, డెఫెరిప్రోన్ దాన్ని తోడేసే మందులు. డెఫెరిప్రోన్‌తో మూత్రం ఎర్రగా వస్తే భయపడకండి. జ్వరం, గొంతునొప్పి వస్తే మాత్రం ఆపి వెంటనే తెల్లకణాలు చూపించాలి.

మందుల వల్లే కణాలు తగ్గుతాయా?

తగ్గుతాయి. థైరాయిడ్ ఎక్కువైనప్పుడు వాడే కార్బిమజోల్‌తో గొంతునొప్పి, జ్వరం వస్తే మాత్ర ఆపి రక్తపరీక్ష చేయించాలి. అన్నిటికంటే భయపెట్టేది మెథోట్రెక్సేట్. కీళ్లవాతానికి, సోరియాసిస్‌కు ఇది వారానికి ఒక్కసారే. రోజూ మింగితే నోటినిండా పుళ్లు, తర్వాత మూడు రకాల కణాలూ కూలిపోతాయి. ఒకావిడ వారాల తరబడి రావాల్సిన అట్టను రోజుల్లోనే ఖాళీ చేసి మళ్లీ కొనడానికి వచ్చారు. చీటీ మీద వేసుకోవాల్సిన రోజు పేరు (సోమవారం లాంటిది) రాయించుకోండి, అట్ట మీద కూడా రాయండి. ఫోలిక్ యాసిడ్ పనిని అడ్డుకునే ఈ మందు కూడా సుబ్బారావు గారి బృందం నుంచే వచ్చింది. పొరపాటున ఎక్కువ వేసుకున్నవాళ్లకు ఇచ్చే విరుగుడు ఫోలినిక్ యాసిడ్, ఎంత త్వరగా ఇస్తే అంత మంచిది.

ఇంజెక్షన్‌ను ఊరికి ఎలా తీసుకెళ్లాలి?

ఎరిత్రోపొయెటిన్, ఫిల్‌గ్రాస్టిమ్ రెండూ 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. ఒక పెద్దాయన స్టీలు క్యారేజీ కింది గిన్నెలో ఐసుముక్కలు నింపి, సిరంజీని వాటి మధ్య పాతిపెట్టి, మూడు గంటల బస్సు ప్రయాణం చేసి వెళ్లారు. ఆయన శ్రద్ధకు చేతులెత్తి మొక్కాలి, కానీ ఐసు తగిలి గడ్డకట్టిన ఎరిత్రోపొయెటిన్ పనికిరాదు, కరిగాక చూడటానికి బాగానే ఉన్నా సరే. మందును దాని అట్టపెట్టెతోనే ఒక బట్టలో చుట్టి, ఐసు నేరుగా తగలకుండా పెట్టాలి. సీసాను కుదపకూడదు. ఇంటికి వెళ్లాక ఫ్రిజ్ మధ్య అరలో పెట్టండి. ఒకే తలుపున్న పాత ఫ్రిజ్ అయితే డీప్ ఫ్రీజర్‌ను ఆనుకుని ఉండే ట్రేలో మాత్రం వద్దు, అక్కడ పాల ప్యాకెట్టే గడ్డకడుతుంది.